అయిదో సందు పిండి పుస్తకం

మొదటి రోజు. తిత్తి 29.

తలుపు పడింది. నేను లోపలే ఉన్నాను.

రోజూ పొద్దున్నే చేసే పనే ఇవాళా చేశాను. సీసాలో సున్నపు తేట పోసి, సందు చివర బల్ల మీద పెట్టి, తిత్తితో ఇక్కడి గాలిని అందులోకి కొట్టాను. గాలి బాగుంటే అరవై సార్లు కొట్టినా తేట తేటగానే ఉంటుంది. చెడుగాలి ఎక్కువైతే ముందే పాలలాగా విరుగుతుంది. నిన్న 34కి విరిగింది. ఇవాళ 29కే. ముప్ఫైకి తగ్గితే గంట కొట్టడం నా పని. కొట్టాను. గంట మోగాక వంద అంకెలు లెక్కపెట్టి తలుపు దించడం పైవాళ్ళ పని. వాళ్ళూ దించారు. గని లోపలి ఈ ఊళ్ళో అందరం పని సరిగ్గానే చేస్తాం, ఏం లాభం!

మిగతా ఇళ్ళవాళ్ళు అప్పటికే పనులకు పోయారు. నేను సందు చివర నుంచి మోకాళ్ళ నొప్పులతో పరుగెత్తుతుంటే మూడో ఇంట్లో రమీజా పాపకు నీళ్ళు పోస్తూ కనిపించింది. చెవుల్లో నీళ్ళ చప్పుడు, గంట వినపడలేదు. "తలుపు పడతాంది, లెయ్!" అని అరిచాను. ఆ పిల్ల సబ్బు ఒంటి పాపను చీరలో చుట్టుకుని నాతోపాటు ఉరికింది. తలుపుకు పది అడుగుల దూరంలో ఉండగా ఇనప దిమ్మె నేలకు ఆనింది.

ఇక అది ఎప్పుడు లేస్తుందో రూలు పుస్తకంలో ఉంది. తిత్తి అరవై వచ్చినప్పుడు.

రెండో రోజు. తిత్తి 27.

సందులో ఇప్పుడున్నది ముగ్గురం. నేను, సుంకులమ్మను, అరవై ఒకటో ఏడు. రమీజా, ఇరవై ఆరు. దాని కూతురు మెహరున్, నాలుగో నెల. పైనుంచి ఒక మాటల గొట్టం వస్తుంది. దాని అవతల కొసన మా మరిది ఓబులేసు ఉంటాడు. బట్టీ వాడిదే, తలుపు వాడిదే.

"వదినా, ఎంతొచ్చింది?" అన్నాడు పొద్దున.

"ఇరవై ఏడు."

"తట్టలు మార్చినావా?"

"మార్చేదానికి కాలిన పిండి యాడుండాది? తలుపేసింది నువ్వు గదా. నన్నడుగుతావేంది?" అన్నాను. నాకు ముక్కు మీద కోపమని ఊరంతా అంటారు. అననీ.

అసలు కష్టం అదే. మనిషి వదిలిన ఊపిరి ఈ గనిలో ఎక్కడికీ పోదు. అందుకే ప్రతి ఇంట్లో కాలిన పిండిని తడిపి తట్టల్లో పరుస్తాం. అది చెడుగాలిని పట్టుకుని తెల్లపిండిగా మారుతుంది. నిండిన తట్టలు బట్టీకి పోతాయి. అక్కడ కాలిస్తే పట్టుకున్న గాలంతా పొగగొట్టంలోంచి బయటి ఎండలోకి పోయి, కాలిన పిండి మళ్ళీ మాకు వస్తుంది. ఈ గనిలోంచి బయటికి పోయేది మా ఊపిరి ఒక్కటే. మనుషులం పోలేం, పోతే ఆ ఎండకు పూట గడవదు.

తలుపు పడితే ఆ రాకపోకలు ఆగిపోతాయి. సందులో తెల్లపిండి మాత్రం పదకొండు బస్తాలుంది. అదంతా కడుపు నిండిన పిండి. ఇక ఒక్క ఊపిరి కూడా పట్టదు.

అలాగని అది పనికిరానిదనుకునేరు. నలభై ఏళ్ళుగా నేను ఈ ఊరికి నేర్పింది అదే. బస్తాల మీద మెగ్నీషియం కార్బొనేట్ అని రాసుంటుంది, ఆ పేరు పలికేవాళ్ళు ఎవరూ లేరు, తెల్లపిండి అంటాం. ఉప్పులో చిటికెడు కలిపితే ఈ చెమ్మలో కూడా ఉప్పు గడ్డకట్టదు. గుండెల్లో మంటకు అర చెంచా. రెండు రోజులు దొడ్డికి పోకపోతే రెండు చెంచాలు, ఆ తర్వాత దూరం పోకూడదు. పొగగొట్టం మసి గోకడానికి ఎక్కేవాళ్ళు అరచేతులకు రాసుకుంటే చెమట పీల్చేసి పట్టు జారదు. ఇవాళ పాప తొడల మడతలు చెమటకు ఎర్రగా ఒరిసిపోతే అదే అద్దాను. మధ్యాహ్నానికి ఏడుపు తగ్గింది.

"నీ పిండికి రాని పనేమన్నా ఉండాదా పెద్దమ్మా?" అని రమీజా నవ్వింది. తలుపు పడ్డాక అదే మొదటి నవ్వు. నాకు గర్వంగానే అనిపించింది.

సాయంత్రం పొగదారి మీద పూత రెండు చోట్ల పగిలి ఉంటే పిండి నానబెట్టి మెత్తాను. బట్టీ వేడిని మా సందు గుండా మట్టితో కట్టిన ఈ పొగదారిలో పంపుతారు, గోడల చెమ్మ ఆరడానికి. ముట్టుకుంటే చెయ్యి కాలేది. రెండేళ్ళ కిందట దాని పొడవునా తెల్లపిండి ముద్ద పూయించింది నేనే. పిండి మంట అంటదు, వేడిని ఆపుతుంది. అప్పుడు ఓబులేసు అందరి ముందూ నా తెలివిని మెచ్చుకున్నాడు.

మూడో రోజు. తిత్తి 24.

తల పగిలిపోతోంది. నాలుగు అడుగులు వేస్తే ఎగశ్వాస. చెడుగాలి బరువు, నేల మీదికి దిగుతుంది. అందుకని పాప ఉయ్యాలను పైకొక్కేనికి కట్టాం. పాలు పట్టాలంటే రమీజా ముక్కాలిపీట ఎక్కాల్సి వస్తోంది.

రమీజా మొగుడు మస్తాన్ తలుపు అవతల ఉన్నాడు. ఇనుము మందం, మాట వినపడదు. పని ముగించుకుని వచ్చి మూడుసార్లు తడతాడు. ఇది ఇవతల నుంచి మూడుసార్లు తడుతుంది. ముగ్గురమూ ఉన్నామని దానర్థమట. ఇవాళ తట్టి వచ్చి నా పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, ఒక మాట. తిత్తి కొట్టేది నువ్వే. చూసేది నువ్వే. అరవై వచ్చిందని చెప్పెయ్. ఎవరికి తెలుస్తాది?"

నాకు ఒళ్ళు మండింది. కానీ దాని మొహం చూసి తిట్టలేకపోయాను.

"నాలుగో సందు సంగతి నీకు తెలుసు గదా" అన్నాను.

తెలుసు. చిన్నపిల్లలు ఏడుస్తున్నారని జాలిపడి ఆనాడు తలుపు ఎత్తారు. ఆ గాలి పల్లానికి జారి కింది సందులో నిద్రపోతున్నవాళ్ళ మీదికి దిగింది. నలభై ముగ్గురు లేవలేదు. ఆ రోజు తిత్తి 12. అరవై వస్తే తప్ప తలుపు ఎత్తకూడదన్న రూలు ఆ తర్వాత వచ్చిందే.

"మా సందు కింద ఆరో సందుంది. దాంట్లో ఎంతమంది పిల్లలుండారో నీకే బాగా తెలుసు. బడి చెప్పేది నువ్వేనాయె."

రమీజా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు.

నాలుగో రోజు. తిత్తి 21.

లెక్క కుదరడం లేదు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పసిబిడ్డ. ఇంత పెద్ద సందులో మా ముగ్గురి ఊపిరికి రోజుకు మూడేసి తగ్గకూడదు. ఇక్కడ ఇంకెవరో ఊపిరి వదులుతున్నారు. ఇదే మాట గొట్టంలో అంటే ఓబులేసు "వదినా, నీ పిండిలోనే ఏమన్నా తేడా ఉండాదేమో చూడు" అన్నాడు.

"నా పిండిలోనా? నలభై ఏండ్లు ఉప్పులో తినినావు, కడుపుమంటకు తాగినావు, ఇప్పుడు తేడా కనపడిందా నీకు? నీ బట్టీలో చూసుకోపో!"

"బట్టీలో ఏముండాది? కొత్త సందులు రెండు కలిసినాయని నాలుగు నెలల కింద మంట పెంచినాం, అంతే గదా."

గొట్టానికి బిరడా కొట్టేశాను. తర్వాత పూత ఇంకో మూడుచోట్ల పగిలి రాలుతుంటే దానికీ ముద్ద మెత్తాను. చేతులకు పని లేకపోతే పిచ్చెక్కేట్టుంది.

అయిదో రోజు. తిత్తి 18.

పాప ఇవాళ ఒక్కసారే ఏడ్చింది. ఏడవని బిడ్డను చూస్తే ఇంత భయం వేస్తుందని నాకు తెలియదు. రొమ్ము నోట పెడితే రెండు గుక్కలు లాగి, అలిసి, కళ్ళు మూస్తోంది. పక్కటెముకలు తొందర తొందరగా కదులుతున్నాయి.

రెండు పూటలా రాగిసంకటి, చింతపండు పులుసు తప్ప ఇంకేమీ లేవు. గుండెల్లో మంట లేచింది. బస్తా దాకా నడిచే ఓపిక లేక, పొగదారి మీంచి రాలిన పూత పెళ్ళను పొడి చేసి చింతపులుసు నీళ్ళలో వేశాను. తాగబోతూ ఆగాను.

బుస రాలేదు.

తెల్లపిండి పులుపులో పడితే బుసబుసమంటుంది. ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి, ఆ నురగ కోసమే మారాం చేసి తాగుతారు. పిండి పట్టుకున్న ఊపిరే ఆ బుస. ఇది అడుగున బురదగా కూర్చుంది, కిక్కురుమనలేదు. బస్తాలోది చిటికెడు తెచ్చి వేశాను. గిన్నె అంచు దాకా పొంగింది. మళ్ళీ పెళ్ళ వేశాను. ఏమీ లేదు.

గిన్నె పక్కన పెట్టి, పెళ్ళ రాలిన పొగదారి వైపు చూశాను.

ఓబులేసు మంట పెంచాడు. పొగదారి కాలి, నా పూత దాని మీదే బట్టీలోలాగా కాలింది. పట్టుకున్న చెడుగాలినంతా ఈ సందులోకే వదిలింది. అది పగిలినప్పుడల్లా నేనే పోయి కడుపు నిండిన పిండిని మళ్ళీ మెత్తి వచ్చాను. నాలుగు నెలలుగా. నిన్న కూడా. రెండు పూటలా పొయ్యిలో కట్టెలు పెట్టినట్టు.

ఇక్కడ ఊపిరి వదులుతున్నది ఎవరో కాదు, నా పూత. బిడ్డను ఈ స్థితికి తెచ్చింది నేను.

ఆరో రోజు. తిత్తి 17, మళ్ళీ సాయంత్రం 26.

పొద్దున్నే గొట్టంలో అంతా చెప్పాను. పొడి మాటలతో చెప్పాను, ఏడిస్తే తొందరగా కాదని.

"మంట ఆర్పెయ్ ఓబులేసూ."

"ఆర్పలేను వదినా. ఎనిమిది సందుల తట్టలు పైన నిలబడుండాయి. బట్టీ చల్లారి మళ్ళీ కాగేదానికి ఆరు రోజులు. అంతలోకి అన్ని గంటలూ మోగుతాయి."

వాడన్నది నిజం. "సరే. అయితే పూతే తీసేస్తా" అన్నాను. "నేను పిండి గురించి నిన్ను అరిచినాను. నువ్వన్నదే నిజమైంది."

"అది పోనీ వదినా. ఎట్ల గోకుతావు, కాల్తాది గదా?"

రమీజా, నేను పార, గరిటె పట్టుకుని దిగాం. తడిగుడ్డలు చేతులకు చుట్టుకున్నా బొబ్బలు లేచాయి. పూత తీసిన చోట వేడి మొహం మీదికి కొడుతుంది. కానీ రాలిన పెళ్ళ సంగతి మధ్యలో గుర్తొచ్చి, అంత బాధలోనూ నవ్వాను. అది కాలిన పిండి! ఖాళీ కడుపుతో ఉన్న పిండి! బట్టీ నుంచి రావాల్సింది మా సందులోనే తయారై ఉంది. పొడి కొట్టి, తడిపి, తట్టల్లోనూ చీరల మీదా పరిచాం. అన్నిటికన్నా మంచి తట్ట ఉయ్యాల కింద.

సాయంత్రానికి తొమ్మిది పెరిగింది. రమీజా నన్ను కావలించుకుంది. తప్పు నాదని తెలిసి కూడా కావలించుకుంది.

ఏడో రోజు. తిత్తి 41.

రోజంతా గోకాం. పాప పాలు బాగా తాగింది. మస్తాన్ తట్టినప్పుడు రమీజా మూడు కాదు, పది సార్లు తట్టింది. ఏమనుకున్నాడో ఏమో, అవతల నుంచీ చాలాసేపు తట్టాడు.

ఎనిమిదో రోజు. తిత్తి 47.

పూత అంతా అయిపోయింది. ఇంకెక్కడా లేదు.

తొమ్మిదో రోజు. తిత్తి 44.

తగ్గింది. పరిచిన పిండి నిండిపోయింది. పాప మళ్ళీ మగతగా ఉంది, వేలు పెడితే పట్టుకోవడం లేదు.

"ఇంకా యాడో ఉండాది పెద్దమ్మా, యాడో కాల్తాంది" అంటూ రమీజా దీపం పట్టుకుని గోడలన్నీ తడుముతోంది. నా ఇంట్లోకి మాత్రం రాలేదు. నా ఇంట్లో ఉంటే నేను చెప్పనా అనుకుంది.

నిన్న రాసినది అబద్ధం. ఈ పుస్తకంలో నేను రాసిన ఒకే ఒక్క అబద్ధం.

పొగదారి నా ఇంటి వెనక గోడలోంచి, నా మంచం పక్కగా పోతుంది. అక్కడ మూరెడు మందాన పూత ఉంది. అది మా ఆయనది.

మా ఊరి ఆచారం ఒకటుంది. మనిషి పోయేముందు కడపటి నెల ఏ తట్టలు అతని ఊపిరి పట్టాయో, వాటిని బట్టీకి పంపరు. ఇంటివాళ్ళకు ఇస్తారు. కొందరు మూట కట్టి దూలానికి వేలాడదీస్తారు, కొందరు పెళ్ళిలో వధువు చేతికి రాస్తారు. మా ఆయన గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, గాలి అందక, మూడు నెలలు కూర్చునే నిద్రపోయి పోయాడు. ఆ పిండి రెండు బస్తాలైంది. ఓబులేసే భుజాన వేసుకుని తెచ్చి ఇచ్చాడు. నేను దాన్ని నా మంచం పక్క గోడకు పూసుకున్నాను. గోరువెచ్చగా ఉండేది. ఏడాదిన్నరగా ఆ గోడకు వీపు ఆనించుకునే పడుకున్నాను.

ఇది రమీజాతో చెప్పాలి. గొట్టంలో వాడితో చెప్పాలి. వాడికి అన్న అది.

అదే రోజు, మధ్యాహ్నం.

చెప్పాను. రమీజా నా మొహం వైపు చూడకుండా పోయి పాప దగ్గర నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత గొట్టంలో ఓబులేసుకు చెప్పాను.

"మీ అన్నను ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"మా అన్న ఎట్ల పోయినాడో నువ్వూ చూసినావు, నేనూ చూసినా. గాలి సాలక నా చెయ్యి పట్టుకుని పీకినాడు. ఆయప్ప ఇంకొక బిడ్డకు గాలి లేకుండా చేసుకుంటా నీ గోడకు ఉంటాడా? గోకెయ్ వదినా."

గరిటె తీసుకున్నాను. రమీజా కూడా పార పట్టుకుని వచ్చింది. "నువ్వు పైపైన తియ్యి, వేడి దగ్గర నేను తీస్తా" అంది. ఒద్దన్నాను. అది నేనే తీయాలి.

పై పొర పెళుసుగా, తెల్లగా ఉంది. పులుపులో వేస్తే బుసమంది. అది ఆయన ఊపిరి. బెత్తెడు లోపలికి పోయాక తీసిన పిండి మాత్రం కిక్కురుమనలేదు. అంటే లోపలి ఆయన ఎప్పుడో పోయాడు. గోడను పట్టుకుని నేను పడుకున్న రాత్రుల్లో ఆయన ఊపిరి పక్కనుంచే జారిపోయి సందులో కలిసింది. నేను పీల్చాను, రమీజా పీల్చింది, పుట్టినప్పటి నుంచీ పాప పీల్చింది. ఆయన్ని దాచుకున్నాననుకున్నాను. దాచుకున్నది ఖాళీ పిండిని.

ఖాళీదంతా పొడి కొట్టి తడిపి ఉయ్యాల కింద మూడు తట్టల్లో పరిచాను. బుసమన్న పైపొరను ఒక సంచిలో వేసి మూతి కట్టాను.

పదో రోజు. తిత్తి 56.

పాప నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. దాని చేతుల్లో అంత బలం ఉందా అనిపించింది.

పదకొండో రోజు. తిత్తి 60.

గొట్టం బిరడా తీసిపెట్టి, ఓబులేసు వినేట్టు గట్టిగా లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. అరవై. తేట తేటగానే ఉంది. అరవై ఒకటి కూడా కొట్టాను.

"నిజమేనా వదినా?" అన్నాడు.

వాడు అడగడం న్యాయమే. అబద్ధం రాసిన చేయి నాది. "ఎవరినైనా పంపి సీసా చూపించుకో. తలుపు రవ్వంత లేపి పట్టుకో, అంతవరకు మేము ఈడనే ఉంటాం" అన్నాను.

తలుపు జానెడు లేచింది. అవతల నుంచి ఒక చెయ్యి వచ్చి సీసా తీసుకుంది. అది మస్తాన్ చెయ్యి, రమీజా గుర్తుపట్టి దాని మీద పడి ఏడ్చింది. కాసేపటికి తలుపు పూర్తిగా లేచింది. రమీజా పాపతో బయటికి నడిచింది. నాలుగు అడుగులు పోయి, వెనక్కి వచ్చి, పాపను నా చేతుల్లో పెట్టి, "నువ్వే ఎత్తుకొని రా పెద్దమ్మా" అంది.

పన్నెండో రోజు. తిత్తి 63.

పొగదారి పూతకు ఇక తెల్లపిండి వాడకూడదని పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాశాను. వట్టి మన్ను, పేడ చాలు. కింద నా పేరు, నేను చేసిన పని కూడా రాశాను. తర్వాత వచ్చేవాళ్ళు ఇది చదివాకే తిత్తి ముట్టుకోవాలి.

ఆ సంచి బట్టీకి తీసుకుపోయి ఓబులేసు ముందు పెట్టాను. వాడికి అర్థమైంది.

"ఆచారం కాదు వదినా. ఉన్నదాన్నయినా ఇంట్లో పెట్టుకోరాదా?"

"ముప్ఫై అయిదేండ్లు ఈ గనిలో తవ్వినాడు. ఒకసారి ఆకాశం చూడాలని ఎన్నిసార్లు అన్నాడో నీకు తెలీదా? నేనే పట్టి పెట్టుకున్నా."

వాడు సంచి విప్పి, బట్టీ నోట్లోకి తన చేత్తోనే ఒంపాడు. పొగగొట్టం దగ్గర ఇద్దరం నిలబడ్డాం. పైకి పోతున్నది కంటికి కనపడదు, అది నాకూ తెలుసు. చాలాసేపు పైకే చూస్తూ నిలబడ్డాం. తర్వాత ఓబులేసు, "పోయినాడు వదినా" అన్నాడు.

ఇంటికి వచ్చి నాలుగు తట్టలు మార్చాను.